చీకటింట్లో బొమ్మలు

పోయిన వేసవిలో మా కాలేజీ కుర్రవాడొకడు తమ ఊరికి రమ్మని పిలిచాడు. సీతంపేట కొండల్లో సవరల గూడెం అది. పార్వతీపురంలో బస్సెక్కి, దిగిన చోటినుంచి గంటసేపు కాలిబాటన నడిచి, మిట్టమధ్యాహ్నం వేళకు వాళ్ల ఇంటిముందు నిలబడ్డాను. గుమ్మం బాగా పొట్టి. తల వంచుకుని లోపలికి అడుగుపెట్టాను. ఎండలోంచి వచ్చిన కళ్లు కదా, ఏమీ కనపడలేదు.

"గోడమీద చూడండి మాస్టారూ" అన్నాడు కుర్రవాడు.

నాకు గోడే కనపడలేదు. ఆ మాటే చెప్పాను.

"కాసేపు కూర్చోండి. అవే కనపడతాయి" అని చాప పరిచాడు.

కూర్చున్నాను. ముందుగా పొయ్యి కనిపించింది. తర్వాత మూలనున్న కుండలు, వాటి పక్కన కూర్చుని నన్ను చూసి నవ్వుతున్న ముసలావిడ, అతని నాయనమ్మ. ఆ తర్వాత నెమ్మదిగా, ఎవరో లోపలినుంచి దీపం వత్తి పెంచినట్టు, ఎర్రమట్టి గోడమీద తెల్లని బొమ్మలు బయటికి వచ్చాయి. ఒక పెద్ద చతురస్రం. అందులో గుర్రాలమీద మనుషులు, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు, చేతులు పట్టుకుని ఆడుతున్న ఆడవాళ్లు, గొడుగు పట్టించుకుని వస్తున్న ఎవరో అధికారి. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస చితగ్గొట్టిన వెదురుపుల్లతో వేసినవి. ఇలాంటి గోడలు ఇప్పుడు అరుదైపోయాయి.

ముసలావిడ సవరభాషలో ఏదో చెప్పింది. మనవడు తెలుగులో చెప్పాడు: "ఆ చతురస్రం ఇల్లట మాస్టారూ. మా ముత్తాతది. ఆయన పోయాక కలలోకి వచ్చి, ఉండడానికి చోటు లేదన్నాడట. అందుకని వేయించారు."

నేను తల దించుకున్నాను. దానికి కారణముంది. అంతకు ముందు ఏడాది మా తరగతిలో 'చిత్రకళ' అని ఒక వ్యాసం రాయమన్నాను. ఈ కుర్రవాడు రవివర్మను గురించి నాలుగు ముక్కలు రాసి, తర్వాత అరపేజీ ఈ గోడను గురించి రాశాడు. నేను ఆ అరపేజీని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన 'విషయాంతరం' అని రాశాను. ఆ వారమే సాహితీసమితిలో ఐరోపా చిత్రకారులను గురించి గంటసేపు ఉపన్యాసం దంచాను కూడా. 17వ శతాబ్దపు బరోక్ చిత్రకారుల బొమ్మల్లో వెలుగు ఎంత గొప్పదో, చీకటి ఎంత లోతైనదో వర్ణించాను. ఆ బొమ్మలు నేను చూసింది పుస్తకాల్లోనూ, చేతిఫోనులోనూ తప్ప గోడమీద కాదు. చీకటింట్లో కూర్చుని, కళ్లు అలవాటు పడేదాకా ఆగి బొమ్మను చూడడమంటే ఏమిటో ఆ రోజే నాకు తెలిసింది.

ఆ మధ్యాహ్నం నాకు జ్ఞాపకం వచ్చిన బొమ్మల కథే ఇప్పుడు చెప్పబోయేది.

వంకర ముత్యం

'బరోక్' అనే మాట బుడతకీచుల భాషలో వంకర ముత్యం అనే అర్థమిచ్చే మాటనుంచి వచ్చిందంటారు. గుండ్రంగా, నున్నగా, పద్ధతిగా ఉండవలసిన ముత్యం ఒక పక్కకు ఉబ్బి, మరోపక్కకు నొక్కుకుపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయని, తర్వాతి కాలపు పండితులు ఈ చిత్రాలకు ఎగతాళిగా పెట్టిన పేరు. మన సాహిత్యంలోనూ ఇలాంటివి జరిగాయి. వెక్కిరించడానికి పెట్టిన పేరే చివరికి బిరుదై కూర్చుంటుంది.

ఈ చిత్రకళ ఇటలీలో 1600 ప్రాంతంలో తలయెత్తింది. దానికి ఆద్యుల్లో ఒకడు కారవాజ్జో. అసలు పేరు మికెలాంజెలో మెరీసి. కారవాజ్జో అనేది ఊరిపేరు. మనకు ఇంటిపేర్లు వచ్చినట్టే ఊరిపేరు మనిషికి అంటుకుపోయింది. 1571లో పుట్టాడు. కోపిష్టి, జగడాలమారి. రోము నగరంలో ఒక చిన్న ప్రార్థనా మందిరం గోడకు వేలాడదీయడానికి 1599-1600లో అతను ఒక బొమ్మ వేశాడు. పేరు 'మత్తయి పిలుపు'. ఫ్రెంచివారి సెయింట్ లూయీ చర్చిలో ఇప్పటికీ అది అదే చోట ఉంది.

కథ బైబిలులోది. మత్తయి సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు. జనం అసహ్యించుకునే ఉద్యోగం. క్రీస్తు అతన్ని చూసి తన వెంట రమ్మన్నాడు. ఇంతే కథ. కారవాజ్జో దీన్ని ఆకాశంలో దేవతలతో, మేఘాలతో వేయలేదు. చీకటి గదిలో ఒక బల్ల. బల్లచుట్టూ డబ్బు లెక్కపెట్టుకుంటున్న అయిదుగురు. వాళ్ల ఒంటిమీద ఆనాటి రోము వీధుల్లో తిరిగే షోకిలాల దుస్తులు, టోపీలకు ఈకలు. కుడివైపునుంచి చెప్పులు లేని కాళ్లతో క్రీస్తు లోపలికి వచ్చి చెయ్యి చాచాడు. ఆయన తలమీదుగా ఒక వెలుగు గోడమీద ఏటవాలుగా పడి, ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చీకట్లోంచి పైకి తీసింది. గడ్డమున్న ఒక మనిషి వేలు చూపుతూ అడుగుతున్నాడు. మాట వినపడదు గాని ముఖం చెప్తుంది: "ఎవరిని? నన్నేనా?"

విశేషమేమంటే, బొమ్మలో ఒక కిటికీ ఉంది గాని దానిలోంచి వెలుగు రాదు. వెలుగు వచ్చేది బొమ్మకు బయట, కుడివైపునుంచి. ఆ ప్రార్థనామందిరంలో పూజావేదిక మీద ఉన్న నిజమైన కిటికీ కూడా ఆ వైపునే ఉంది. ఆ గది చీకటి అని చిత్రకారుడికి తెలుసు. చీకటిని తిట్టుకోకుండా, దాన్నే తన రంగులపెట్టెలో ఒక రంగుగా వాడుకున్నాడు.

మరొక చోట ఇద్దరు బీద యాత్రికులు మేరీమాత ముందు మోకరిల్లిన బొమ్మ వేశాడు. వాళ్ల మురికి పాదాలు చూసేవాడి ముఖానికి ఎదురుగా ఉంటాయి. మేరీమాత మరణం వేయమంటే, పొట్ట ఉబ్బిన మామూలు ఆడమనిషి శవాన్నే వేశాడు. ఆ బొమ్మ మాకొద్దని మఠంవారు తిప్పికొట్టారు. దాని విలువ తెలిసిన మరో చిత్రకారుడు, ఫ్లాండర్సు దేశపు రూబెన్సు, తన ప్రభువైన మాంటువా డ్యూకుకు చెప్పి కొనిపించాడు. ఇప్పుడది పారిస్‌లో లూవ్రు మ్యూజియంలో ఉంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఈ గొడవ చూస్తే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం వస్తారు. మామూలు జనం మాట్లాడే మాట కాగితమెక్కడానికి తగదా అని ఆయన అడిగారు. మామూలు జనం ముఖం చర్చి గోడ ఎక్కడానికి తగదా అని కారవాజ్జో అడిగాడు. ఇద్దరికీ ఎదురైన కోపం ఒకటే. పంతులుగారు అంతటితో ఊరుకున్నారా? తెలుగు గొడవ చాలదన్నట్టు, లిపి లేని సవరభాషకు 1931లో వ్యాకరణం అచ్చువేయించారు. ఆ భాషనే నా ముందు ఆ ముసలావిడ మాట్లాడుతున్నది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

బానిస ముఖం

కారవాజ్జో 1606 మే నెలలో రోములో ఒక మనిషిని చంపి పారిపోయాడు. నాలుగేళ్లు ఊరూరా దాక్కుంటూ, బొమ్మలు వేస్తూ, 1610లో సముద్రతీరంలో ఒక చిన్న ఊళ్లో చనిపోయాడు. మనిషి పోయినా అతను పట్టుకున్న వెలుగు ఆగలేదు. స్పెయినుకు పోయింది, హాలెండుకు పోయింది.

స్పెయినులో దాన్ని అందుకున్నవాడు వెలాస్కెత్. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు. అతని దగ్గర హువాన్ దె పరేహా అనే బానిస ఉండేవాడు. పనిగదిలో యజమానికి చేతికింద ఉండడం అతని పని. 1650లో ఇద్దరూ రోములో ఉన్నారు. వెలాస్కెత్ పోపుగారి చిత్తరువు వేశాడు. ఆ ఏడే ఆ చేతితోనే పరేహా చిత్తరువు కూడా వేశాడు. చామనచాయ ముఖం, మెడచుట్టూ తెల్లని పట్టీ, ఒక చెయ్యి అడ్డంగా ఛాతీ దగ్గర. ఆ కళ్లు చూసేవాడి కళ్లలోకి సూటిగా చూస్తాయి. బెదురు లేదు, బతిమాలడం లేదు. ప్రభువుల ముఖాలకు ఇచ్చిన వెలుగులో ఒక్క వీసమైనా ఈ ముఖానికి తగ్గించలేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంత గొప్పగా మనిషిని చూడగలిగిన వెలాస్కెత్ ఆ మనిషిని సొంత ఆస్తిగా ఉంచుకున్నాడు కూడా. ఆ ఏడు నవంబరులో విడుదల పత్రం రాసి ఇచ్చాడు. అందులోనూ ఇంకా నాలుగేళ్లు కొలువు చేయాలన్న షరతు పెట్టాడు. చూపు ముందుగా మారుతుంది, చెయ్యి తర్వాత మారుతుంది కాబోలు.

పరేహా స్వతంత్రుడై, తానూ చిత్రకారుడయ్యాడు. 1661లో అతను వేసిన పెద్ద బొమ్మ మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది. ఏ కథ ఎన్నుకున్నాడో చూడండి: 'మత్తయి పిలుపు'! ఆ బొమ్మలో ఎడమవైపు చివర ఒక మనిషి చేతిలో కాగితం పట్టుకుని నిలబడి మనవైపు చూస్తుంటాడు. కాగితంమీద చిత్రకారుడి పేరుంది. ఆ నిలబడ్డవాడు పరేహాయే. "నన్నేనా?" అని అడిగేవాళ్లలో తన ముఖాన్ని తానే చేర్చుకున్నాడు.

దివాలా తీసినవాడి బల్ల

ఇక హాలెండుకు వద్దాం. కారవాజ్జో రోమునుంచి పారిపోయిన 1606లోనే, జూలై నెలలో, లైడెన్ పట్టణంలో ఒక పిండిమర యజమాని ఇంట్లో రెంబ్రాంటు పుట్టాడు. చీకటివెలుగుల విద్యలో ఇతన్ని మించినవాడు లేడంటే అతిశయోక్తి కాదు.

ఇతని బొమ్మల్లో లోకమంతా ఎరిగినది 'రాత్రి గస్తీ'. 1642లో వేసినది. ఆంస్టర్‌డామ్ పౌరదళంవారు తమ బృందాన్ని వేయమంటే, వరుసగా నిలబెట్టి వేయకుండా, అప్పుడే బయల్దేరుతున్న గుంపులా వేశాడు. నిజానికది రాత్రి కాదు. పైన పూసిన వార్నీషు కాలక్రమేణా నల్లబడి, తర్వాతివాళ్లు రాత్రి అనుకున్నారు. 1715లో దాన్ని మరో గోడకు పట్టించడానికి నాలుగు అంచులూ కత్తిరించేశారు. గోడకు బొమ్మ సరిపోకపోతే బొమ్మనే కోసేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వ్యాసంలో అరపేజీ కోసేసిన మాస్టర్లు ఉన్నట్టే.

ఆ బొమ్మ పూర్తయిన ఏడే రెంబ్రాంటు భార్య సాస్కియా పోయింది. 1639లో 13,000 గిల్డర్లకు బేరమాడిన పెద్ద ఇంటి బాకీ తీరలేదు. 1656లో దివాలా తీశాడు. కోర్టువారు వచ్చి ఇంట్లో సామాను జాబితా రాశారు. 363 పద్దులు. ఆ జాబితా ఇప్పటికీ ఉంది. కుర్చీలు, పరుపులు, పాలరాతి తలలు, కత్తులు, తూర్పుదేశాల సామాన్లు, కట్టలకు కట్టలు బొమ్మలు. వాటిలో ఒక పద్దు మనకు ముఖ్యమైనది. సన్నపని చేసిన విచిత్రమైన చిత్రాలు, దేశదేశాల వేషభాషల బొమ్మలు ఉన్న ఒక పుస్తకం.

ఆ రోజుల్లోనే, అంటే 1656 మొదలు 1661 వరకు, అప్పులవాళ్లు తలుపు కొడుతుండగా, రెంబ్రాంటు బల్లముందు కూర్చుని మన దేశపు చిన్న చిత్రాలకు నకళ్లు గీశాడు. అక్బరు, జహంగీరు, షాజహాన్, దారా షికో. తలపాగా చుట్టు, జామా అంచు, నడుముపట్టీ ముడి. జపాను నుంచి ఓడలమీద వచ్చిన ఖరీదైన కాగితంమీద, కలంతో, గోధుమరంగు సిరాతో గీశాడు. వాటిలో ఇరవైమూడు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 2018లో అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరంలోని గెట్టీ మ్యూజియంవారు వాటిని, మన దేశపు చిత్రాలను పక్కపక్కన పెట్టి ప్రదర్శించారు. అప్పటికి రెంబ్రాంటు యాభయ్యో పడిలో ఉన్నవాడు, దేశమంతా పేరు మోసినవాడు. అయినా తన పేరైనా వినని మన చిత్రకారుల ముందు బడిపిల్లవాడిలా కూర్చుని గీత దిద్దుకున్నాడు. బాకీలు ఇల్లు తీసుకుపోయాయి గాని నేర్చుకోవాలన్న బుద్ధిని తీసుకుపోలేకపోయాయి.

ఆ నకళ్లలో ఒకదానిలో నలుగురు ముసలి ఫకీర్లు చెట్టుకింద తివాచీమీద కూర్చుని ఉంటారు. అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 1656లోనే రెంబ్రాంటు రాగిరేకుమీద బైబిలు కథ ఒకటి చెక్కాడు. అబ్రహాము ఇంటికి అతిథులుగా దేవదూతలు రావడం. ఐరోపాలో అతిథులు వస్తే బల్లముందు కుర్చీ వేయాలి. ఇతని బొమ్మలో దేవదూతలు నేలమీద, పరుపుమీద, మనవాళ్లలా కూర్చున్నారు. ఆ ఫకీర్ల కూర్పే బైబిలు కథలోకి నడిచి వచ్చింది. అతిథి దేవుడనే మాట మన దేశంలో ఎంత పాతదో చెప్పనక్కర్లేదు. అతిథిని చాపమీద కూర్చోబెట్టడంలో మర్యాద తగ్గదని ఆ డచ్చి చిత్రకారుడికి మన బొమ్మలే చెప్పాయి.

1661లో అతను ఇద్దరు ఆఫ్రికా మనుషుల బొమ్మ వేశాడు. ఒకడి భుజంమీద మరొకడు తల ఆనించినట్టుగా ఉంటుంది. ఆ ఇద్దరూ రాజులు కారు, నౌకర్ల వేషంలో మూలన నిలబెట్టినవాళ్లూ కారు. బొమ్మంతా వాళ్లదే. రెంబ్రాంటు 1669లో పోయాడు. అద్దెకు తీసుకున్న సమాధిలో, పేరు లేకుండా పాతిపెట్టారు.

వలందపాలెం

ఇంతవరకు చదివినవారు, ఇదంతా ఎక్కడి కథ, మనకెందుకని అడగవచ్చు. బందరు వెళ్లినవారికి వలందపాలెం తెలుసు. హాలెండువారిని మన పెద్దలు వలందలన్నారు. వాళ్లు కాపురమున్న చోటు వలందపాలెం. పక్కనే పరాసులకు పరాసుపేట, ఇంగ్లీషువాళ్లకు ఇంగ్లీషుపాలెం. గోల్కొండ సుల్తానుతో ఒడంబడిక చేసుకుని డచ్చివారు బందరులో వ్యాపారం స్థిరపరచుకున్నది 1606లో. రెంబ్రాంటు పుట్టిన ఏడే!

తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, నాగులవంచ, మా విశాఖతీరాన భీమునిపట్నం దాకా వాళ్ల కొఠీలు వచ్చాయి. భీమిలిలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాతిమీద డచ్చి అక్షరాలు, వంశచిహ్నాలు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల వశమైంది. మా పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకువెళ్లినప్పుడల్లా ఆ రాళ్లదగ్గర కాసేపు నిలబడతాను.

వాళ్లు మన తీరానికి వచ్చింది ముఖ్యంగా బట్టలకోసం. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానవేసి, బెల్లపు నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నలుపుతో కలంపట్టి గీత గీసి, పటిక పూసి, చిరివేరుతో ఉడికిస్తే ఎరుపు వచ్చేది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపు. ఐరోపాలో ఎవరికీ తెలియని విద్య. ఆ బట్టలిచ్చి జావా, మొలక్కా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయలు కొనేవారు. కొంత బట్ట హాలెండు ఇళ్లకూ చేరింది. డెల్ఫ్ట్ పట్టణంలో వెర్మీర్ అనే చిత్రకారుడు 1669 ప్రాంతంలో వేసిన భూగోళ పండితుడి బొమ్మలో ఆ పండితుడు జపాను తరహా అంగరఖా తొడుక్కుని కిటికీ వెలుగులో నిలబడి ఉంటాడు. ఆ మోస్తరు అంగరఖాలు మన తీరపు కలంకారీతోనూ కుట్టించుకోవడం అక్కడ ధనికులకు వేడుక. ఆ కాలపు రాణుల మెడల్లో మెరిసిన వజ్రాల్లో చాలాభాగం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులవంటి చోట్లవే. బ్రెజిల్లో 18వ శతాబ్దంలో వజ్రాలు దొరికేదాకా లోకానికి వజ్రాలిచ్చిన ముఖ్యమైన చోటు మనదే. కొల్లూరులో అరవై వేలమంది ఆడా, మగా, పిల్లలూ పని చేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు.

బొమ్మలు కూడా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ప్రయాణం చేశాయి. హార్లెమ్ పట్టణపు చిత్రకారుడు కొర్నేలిస్ హేడా బిజాపూరు సుల్తాను కొలువులో చేరి, 1622లో అక్కడే పోయాడు. గోల్కొండ చిత్రకారులు సుల్తానుల, మొగలు పాదుషాల ముఖచిత్రాలు వరుసగా వేసి ఐరోపావారికి అమ్మేవారు. 1686 ప్రాంతంలో గోల్కొండలో తయారైన అలాంటి పుస్తకమొకటి ఆంస్టర్‌డామ్ నగరాధ్యక్షుడు విట్సెన్ చేతికి చేరింది. ఇప్పుడది 'రాత్రి గస్తీ' ఉన్న రైక్స్ మ్యూజియంలోనే ఉంది. ఆ 1686లోనే హైదరాబాదు వీధుల్లో అక్కన్న మాదన్నలను చంపారు. రామదాసుగారి మేనమామలు వాళ్లు. మరుసటి ఏడు గోల్కొండ పడిపోయింది. డచ్చి కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ ఆ కథను డచ్చిభాషలో రాసి 1693లో ఆంస్టర్‌డామ్‌లో అచ్చువేయించాడు. రెంబ్రాంటు పోయి పాతికేళ్లు కాకముందే అతని ఊరివాళ్లు మన మాదన్న పంతులు కథ చదువుకున్నారన్నమాట.

వెలుగు పడనివాళ్లు

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది మంచి కథే. బందరు బట్ట, కొల్లూరు వజ్రం, మన పాదుషాల బొమ్మలు ఐరోపా చిత్రశాలల్లో కాలు పెట్టాయని మనం గర్వపడవచ్చు. సాహితీసమితిలో నేను చేసింది అదే. చప్పట్లు కూడా పడ్డాయి.

కాని ఆ ఓడల్లో ఎక్కినవి బట్టలు మాత్రమే కాదు. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరంలో కరువు వచ్చినప్పుడల్లా డచ్చి కంపెనీ మనుషులను కొన్నది. గుప్పెడు బియ్యానికి తమను తాము, తమ పిల్లలను అమ్ముకున్నవాళ్లు వేలమంది. వాళ్లను బటేవియాకు, సింహళానికి ఓడలెక్కించారు. ఆంస్టర్‌డామ్ భాగ్యంలో, ఆ భాగ్యం కొన్న చిత్రాల్లో, వీళ్ల పాలు ఉంది. ముఖం మాత్రం లేదు. 1634లో రెంబ్రాంటు మార్టెన్, ఓప్‌యెన్ అనే దంపతుల నిలువెత్తు చిత్తరువులు వేశాడు. నల్లపట్టు, తెల్ల అల్లికలు, చూసేవాడి కళ్లు చెదురుతాయి. 2016లో హాలెండు, ఫ్రాన్సు ప్రభుత్వాలు కలిసి 16 కోట్ల యూరోలిచ్చి వాటిని కొన్నాయి. మార్టెన్ ఇంటి సొమ్ము పంచదార శుద్ధి చేసే కార్ఖానాది. ఆ పంచదార బ్రెజిల్లో బానిసల చెమట. 2021లో రైక్స్ మ్యూజియంవారే బానిసత్వాన్ని గురించి ప్రదర్శన పెట్టి, ఈ బొమ్మలముందే ఆ సంగతి చెప్పారు. బొమ్మలను గోడమీదినుంచి దించలేదు. పక్కన ఉన్న చీకటిని చూపించారు. అది మంచి పద్ధతి అనిపించింది నాకు.

బొమ్మను చూసి ఆనందించడానికి, దాని లెక్క అడగడానికి విరోధం లేదు. చిరివేరు తవ్వినవాడి ముఖం, కొల్లూరు గోతిలో మట్టి మోసిన ఆడమనిషి ముఖం ఏ మ్యూజియంలోనూ లేవు. వెలుగు ఎక్కడ పడిందో చూడడం సులభం. ఎక్కడ పడలేదో చూడాలంటే కళ్లు చీకటికి అలవాటు పడాలి. దానికి కొంత ఓపిక కావాలి. ఆ ఓపిక లేకనే నేను ఒక కుర్రవాడి అరపేజీ కొట్టేశాను.

సవర గోడను రెంబ్రాంటుతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. దేనికదే. రెంబ్రాంటు డబ్బుకు వేశాడు, పేరుకు వేశాడు, చివరికి తనకోసం వేసుకున్నాడు. ఆ గోడమీద వేసినవాడు పేరు రాసుకోలేదు, పోయిన మనిషికి చోటివ్వడానికి వేశాడు. కాని రెండూ చీకటి గదికోసం పుట్టిన బొమ్మలే. రెండింటినీ ఎండలోంచి వచ్చిన కళ్లతో, నిలబడ్డ పాటున చూడబోతే ఏమీ కనపడదు.

వచ్చేముందు ముసలావిడతో, "బాగున్నాయమ్మా" అన్నాను. మనవడు చెప్పాడు. ఆవిడ నవ్వి ఏదో అన్నది.

"ఏమంటున్నారు?"

"బాగుండడానికి కాదు బాబూ, వాళ్లు ఉండడానికి అంటోంది" అన్నాడు అతను.

కాలేజీ తెరిచాక మొదటి వారంలో తరగతిలో, సెలవుల్లో తాము చూసిన బొమ్మనొకదాన్ని గురించి ఎవరైనా వచ్చి మాట్లాడాలన్నాను. కిటికీ పక్క బల్లలవాళ్లు నలుగురు చేతులెత్తారు. వాళ్లను కాదని, వెనకబల్లవైపు చూసి, నువ్వు రా అని చెయ్యి చాచాను. ఆ కుర్రవాడు అటూ ఇటూ చూసి, తన గుండెమీద వేలు పెట్టుకుని అడిగాడు:

"నన్నేనా మాస్టారూ?"

"నిన్నే" అన్నాను.